రైట్ ఫ్లయర్ సిమ్‌లో ఎందుకు నిలబడదు? పాత విమానాల ఫ్లైట్ మోడల్స్ గొడవ కొంచెం విడమర్చి

కంప్యూటర్‌లో విమానం నడిపే సిమ్యులేటర్ గేముల్లో (సిమ్ అంటాం) ఎయిర్‌బస్‌ని ఆటోపైలట్‌లో పెట్టి శంషాబాద్ నుంచి దుబాయ్ దాకా హాయిగా తీసుకెళ్లిపోయేవాళ్లు కూడా రైట్ సోదరుల మొదటి విమానం, 1903 నాటి రైట్ ఫ్లయర్ ఎక్కితే నాలుగైదు సెకన్లలో ఇసుకలో ముక్కు గుద్దేస్తారు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వాళ్లు 2022 నవంబర్‌లో 40 ఏళ్ల ఎడిషన్ అని రైట్ ఫ్లయర్, 1915 నాటి కర్టిస్ జెన్నీ, అట్లాంటిక్ మీదుగా పారిస్ దాకా లిండ్‌బర్గ్ ఒంటరిగా నడిపిన స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్ లాంటివి ఫ్రీగా ఇచ్చినప్పటి నుంచి ఈ అనుభవం చాలామందికి కొత్తగా వచ్చింది. నిజానికి ఇదేం మొదటిసారి కాదు, 2003లో విమానానికి వందేళ్లు నిండాయని వాళ్లే వదిలిన పాత వెర్షన్‌లో కూడా ఇవే మూడూ ఉన్నాయి, అప్పుడూ జనం ఇలాగే కూలబడ్డారు.

కూలాక అడిగే ప్రశ్న ఒకటే, ఇది బగ్గా లేక అసలు విమానమే అంతా? ఒక బ్యాచ్ "మోడల్ చెత్తగా చేశారు" అంటుంది, ఇంకో బ్యాచ్ "అంత కష్టంగా ఉంది కాబట్టే రియల్" అంటుంది. నాకైతే రెండోదే ఎక్కువ ప్రమాదకరంగా అనిపిస్తుంది, ఎందుకంటే వినడానికి తెలివైన మాటలా ఉంటుంది. కష్టంగా ఉండటానికి కారణాలు చాలా ఉండొచ్చు, కొన్ని విమానంవి, కొన్ని ఆ రోజు గాలివి, కొన్ని మన టేబుల్ మీద ఉన్న జాయ్‌స్టిక్‌వి. వీటిని విడదీయకుండా రియల్ అనీ కాదనీ తేల్చలేం.

ఫ్లైట్ మోడల్ అంటే ఏంటి

స్క్రీన్ మీద కనిపించే చెక్క, గుడ్డ, తీగలు అంతా బొమ్మే, దాన్ని విజువల్ మోడల్ అంటారు. ఫ్లైట్ మోడల్ అంటే దాని వెనక నడిచే లెక్క. సెకనుకి ఎన్నో సార్లు సిమ్ ఒకటే ప్రశ్న వేసుకుంటుంది, ఈ వేగంలో, ఈ కోణంలో, స్టిక్ ఇక్కడుంటే రెక్క మీద ఎంత బలం, తోక మీద ఎంత బలం, దానివల్ల విమానం ఎటు కదలాలి అని.

ఈ లెక్క చేయడానికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి టేబుల్స్ పద్ధతి, ఈ కోణానికి ఇంత లిఫ్ట్ (పైకి లేపే బలం), ఇంత డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) అని ముందే అంకెలు రాసిపెట్టుకుని సిమ్ వాటిని చూసుకుంటూ పోవడం. అంకెలు మంచివైతే విమానం అచ్చం అలాగే ఎగురుతుంది, చెడ్డవైతే సిమ్‌ని తిట్టి లాభం లేదు. రెండోది ఎక్స్‌ప్లేన్ అనే సిమ్ వల్ల పేరొచ్చిన పద్ధతి, రెక్కని, ప్రొపెల్లర్‌ని చిన్న చిన్న ముక్కలుగా కోసి ఒక్కో ముక్క మీద గాలి ఎలా పడుతుందో అక్కడికక్కడే లెక్కగట్టడం. ఫ్రీగా దొరికే ఫ్లైట్‌గేర్ అనే సిమ్‌లో అయితే ఈ లెక్క చేసే రకరకాల ప్రోగ్రాములు పక్కపక్కనే ఉంటాయి. జేఎస్‌బీసిమ్ టేబుల్స్ అడుగుతుంది. వైఏసిమ్ రెక్క కొలతలు, క్రూజ్ స్పీడు, ల్యాండింగ్‌కి వచ్చే స్పీడు చెప్తే మిగతాది తనే సర్దుకుని ఆ స్పీడ్లు వచ్చేలా లిఫ్ట్, డ్రాగ్ తేల్చుకుంటుంది. అందులోని రైట్ ఫ్లయర్ మాత్రం ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ల ఏరోడైనమిక్ మోడల్ మీద తయారైంది.

అంటే ఒకే పేరున్న విమానం మూడు సిమ్‌లలో మూడు రకాలుగా ఎగరడంలో వింతేం లేదు. మూడింటికీ ఇచ్చిన అంకెలు వేరు, లెక్క చేసే తీరు వేరు.

నిలకడ లేకుండా కట్టిన విమానం

ఇప్పటి చిన్న ట్రైనర్ విమానం ముక్కు గాలికి కొంచెం పైకి లేచిందనుకోండి, మీరు స్టిక్ వదిలేసినా అది తనంతట తానే ముక్కు దించుకుంటుంది. దీన్నే స్టెబిలిటీ అంటారు. బరువు ముందుకి ఉండి, తోక దూరంగా వెనక ఉండటం వల్ల వచ్చే గుణం ఇది. రైట్ ఫ్లయర్‌లో ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే పలక) వెనక లేదు, ముందు ఉంది. విమానం బరువంతా ఎక్కడ కేంద్రమవుతుందో ఆ పాయింట్ ఉండాల్సిన దానికంటే బాగా వెనక్కి ఉంది. దాంతో లేచిన ముక్కు ఇంకా లేస్తుంది, దిగిన ముక్కు ఇంకా దిగుతుంది.

ట్రాక్టర్‌కి ట్రాలీ తగిలించి రివర్స్ చేసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ట్రాలీ కొంచెం పక్కకి తిరిగాక చూస్తూ కూర్చుంటే తిరుగుతూనే పోతుంది, తిరగబోతున్నప్పుడే చిన్నగా సరిచేయాలి, లేటైతే స్టీరింగ్ ఎంత తిప్పినా రాదు.

దీన్ని అంకెల్లో చూద్దాం. లెక్క కోసం ముక్కు తప్పు ప్రతి అర సెకనుకీ రెట్టింపవుతుందనుకోండి. మొదట 1 డిగ్రీ. అర సెకనుకి 2, ఒక సెకనుకి 4, సెకనున్నరకి 8, రెండు సెకన్లకి 16 డిగ్రీలు. అంత కోణంలో చాలా రెక్కలు స్టాల్ అయిపోతాయి, అంటే గాలి రెక్కని అంటుకుని పారడం మానేసి లిఫ్ట్ పడిపోతుంది. నేల నుంచి పది అడుగుల ఎత్తులో ఉన్న విమానానికి ఆ రెండు సెకన్లే జీవితం.

ఇప్పుడు చెయ్యి ఎంత లేటు చేస్తుందో కలపండి. మనిషి కళ్లతో చూసి చెయ్యి కదపడానికి ఐదో వంతు సెకను పడుతుందనుకుంటే ఈలోపు 1 డిగ్రీ కాస్తా 1.3 అవుతుంది. ఇంట్లో కూర్చున్నవాడికి దీని మీద ఇంకో 0.15 సెకను, గ్రాఫిక్స్ కార్డు ఫ్రేమ్ గీయడానికి, మానిటర్ చూపించడానికి, జాయ్‌స్టిక్ సిగ్నల్ వెళ్లడానికి. అప్పుడు అదే తప్పు 1.6 డిగ్రీలైపోతుంది. చూడ్డానికి చిన్న తేడానే కానీ మన చెయ్యి ప్రతిసారీ అవసరానికి మించి దిద్దడానికి అది చాలు, ఆ దిద్దింది మళ్లీ రెండోవైపు పెరుగుతుంది, ఇక పైకీ కిందకీ ఊగడమే. ఫ్రేమ్ రేటు 20కి పడిపోయే లాప్‌టాప్‌లో రైట్ ఫ్లయర్ మరీ ఘోరంగా అనిపించడానికి ఇదో కారణం, ఎయిర్‌బస్‌లో ఆ ఆలస్యం (లాగ్) మీకు తెలియను కూడా తెలియదు.

అలా ఊగడం సిమ్ సృష్టి కాదు. మొదటి ఫ్లైట్ గురించి ఆర్విల్ రైట్ తనే రాశాడు, పైకీ కిందకీ చాలా అస్తవ్యస్తంగా సాగిందని, ముందున్న ఎలివేటర్ ఇరుసు మధ్యకి మరీ దగ్గరగా ఉండటంతో కదపగానే అది తనకు తానే తిరిగిపోయేదని.

మరి అన్నదమ్ములిద్దరూ అంత తెలివైనవాళ్లు కదా, ఎలివేటర్ ముందు ఎందుకు పెట్టారు? 1896లో జర్మనీలో ఓట్టో లిలియంథాల్ గ్లైడర్ స్టాల్ అయ్యి పడిపోయి చనిపోయాడు, అది వీళ్ల మనసులో బాగా నాటుకుంది. ఎలివేటర్ ముందుంటే విమానం అలా నిలువునా ముక్కు కింద పెట్టి పడకుండా కొంత కాపాడుతుందని వాళ్ల నమ్మకం, అందులో నిజం కూడా ఉంది. నిలకడ సంగతి పైలట్ నైపుణ్యంతో చూసుకోవచ్చనుకున్నారు. తర్వాత 1904లో ముందు భాగంలో ఇనుప బరువు కట్టారు, 1910లో వచ్చిన మోడల్ బీ నాటికి ఎలివేటర్‌ని తోకకే మార్చేశారు.

ఇంకో రెండు సంగతులు కూడా సిమ్‌లో తికమక పెడతాయి. ఒకటి, ఆ ఇంజన్‌కి థ్రాటిల్ (పవర్ పెంచి తగ్గించే మీట) లేదు, స్టార్ట్ చేసిన కొత్తలో 16 హార్స్‌పవర్ దాకా ఇచ్చి వేడెక్కాక 12కి దిగేది, కాబట్టి మీ థ్రాటిల్ లీవర్ పనిచేయకపోతే అది సరైన మోడలే. రెండు, పైలట్ బోర్లా పడుకుని నడుం దగ్గరున్న ఊయల్లాంటి దాన్ని పక్కకి జరిపితే రెక్కల అంచులు మెలితిరిగేవి, దాంతోపాటే తీగలతో కట్టిన రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే నిలువు పలక) కూడా తిరిగేది. రెక్క మెలితిప్పితే ఎక్కువ లిఫ్ట్ ఇచ్చే వైపు డ్రాగ్ కూడా పెరిగి ముక్కు తప్పుడు వైపు లాగుతుంది, దాన్ని సరిచేయడానికే ఆ కట్టు. అంటే 1903 ఫ్లయర్‌లో రడ్డర్‌కి వేరే పెడల్స్ ఉండకూడదు. విడిగా పనిచేసే పెడల్స్ ఇచ్చిన మోడల్ నడపడానికి తేలిక, చరిత్రకి మాత్రం దూరం.

12 సెకన్లు, 120 అడుగులు, ఎదురుగాలి

విమానాన్ని పక్కనపెట్టి గాలి సంగతికి వద్దాం, చాలామంది ఫ్లైట్లు ఇక్కడే ఆగిపోతాయి.

1903 డిసెంబర్ 17న అమెరికాలోని నార్త్ కరోలినాలో, కిట్టీ హాక్ ఊరి పక్కనున్న కిల్ డెవిల్ హిల్స్ దగ్గర మొదటి ఫ్లైట్ 12 సెకన్లలో 120 అడుగులు, అంటే 36 మీటర్ల చిల్లర వెళ్లింది. సెకనుకి 3 మీటర్లు, గంటకి 11 కిలోమీటర్లు. మనిషి కొంచెం గట్టిగా పరిగెడితే దాటేస్తాడు! కానీ ఎదురుగాలి అప్పుడు గంటకి 43 కిలోమీటర్ల దాకా ఉంది. రెక్కకి తెలిసేది గాలితో పోల్చిన వేగమే కాబట్టి రెక్క లెక్కలో అది 54 కిలోమీటర్లు.

ఇప్పుడు సిమ్‌లో వాతావరణం "క్లియర్ స్కైస్" అని పెట్టి, గాలి సున్నా చేసి, అదే చోట మొదలుపెట్టారనుకోండి. లేవడానికి ముందు విమానం జారుకుంటూ వెళ్లడానికి వాళ్లు వాడిన చెక్క పట్టా 60 అడుగులు, అంటే 18 మీటర్లు. ఆ 18 మీటర్లలో సున్నా నుంచి 54కి చేరాలంటే, పైలట్‌తో కలిపి 340 కిలోలున్న విమానాన్ని దాదాపు 215 కిలోల బలంతో తోయాలి. రెండు ప్రొపెల్లర్లూ కలిసి ఇచ్చే తోపుడు 60 కిలోలు. ఎలా కుదురుతుంది? అదే 43 కిలోమీటర్ల ఎదురుగాలి పెడితే చేరాల్సింది 11 కిలోమీటర్ల వేగమే, దానికి గాలి నిరోధం పోగా 9 కిలోలు మిగిలితే చాలు. మరుసటి ఏడాది ఒహాయోలో గాలి తక్కువున్న మైదానానికి మారాక అన్నదమ్ములు కూడా ఇదే ఇబ్బంది పడి, బరువులు పైనుంచి వదిలి విమానాన్ని ముందుకి లాగే టవర్ ఒకటి కట్టుకున్నారు. కాబట్టి నిశ్చలమైన గాలిలో ఏ తిప్పలూ లేకుండా పైకి లేచే రైట్ ఫ్లయర్ మీ సిమ్‌లో ఉంటే అనుమానించాల్సింది దాన్నే.

వేడి సంగతి కూడా ఉంది. ఆ రోజు చలికి ఇసుక దిబ్బల మధ్య నీటి గుంటలు గడ్డకట్టాయి, చోటేమో సముద్రం పక్కన, గాలి బాగా చిక్కగా ఉంది. సరదాకి అదే విమానాన్ని బేగంపేటలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలకి పెట్టి చూడండి. బేగంపేట సముద్ర మట్టానికి దాదాపు 530 మీటర్ల ఎత్తు. ఎత్తు, వేడి రెండూ కలిపి లెక్కేస్తే అక్కడి గాలి కిట్టీ హాక్ గాలి కంటే 18 శాతం దాకా పలచన. ఎగరడానికి 54 బదులు 60 కిలోమీటర్లు కావాలి, ఇంజన్‌కి అందే గాలి కూడా అంతే తగ్గుతుంది కాబట్టి 12 హార్స్‌పవర్ కాస్తా 10కి దిగుతుంది. ఫ్లయర్ దగ్గర పవర్ మిగులు అంటూ పెద్దగా లేదు, ఆ రెండు హార్స్‌పవర్లూ పోతే లేవడం కష్టమే.

నేల గురించి కూడా ఒక మాట. జెన్నీ లాంటి వాటికి బ్రేకులు లేవు, తోక కింద చక్రం బదులు చెక్క ముక్క ఉంటుంది, గడ్డి నేలలో అదే గీరుకుంటూ బ్రేకులా పనిచేసేది. అప్పటి ఫీల్డులు ఎటు గాలి వస్తే అటు తిరిగి లేచే పెద్ద గడ్డి మైదానాలు. దాన్ని తీసుకెళ్లి పక్కగాలి వీస్తున్న కాంక్రీట్ రన్‌వే మీద పెట్టి గిర్రున తిరిగిపోతోంది అంటే పాపం విమానం ఏం చేస్తుంది.

ఇంజనే తిరిగితే

మొదటి ప్రపంచ యుద్ధం నాటి సాప్‌విత్ క్యామెల్‌ది ఇంకో రకం చిక్కు. అందులో రోటరీ ఇంజన్, అంటే ఇరుసు విమానానికి బిగించేసి సిలిండర్లతో సహా ఇంజనంతా ప్రొపెల్లర్‌తో పాటు గిరగిరా తిరుగుతుంది. అంత బరువు తిరుగుతుంటే దాన్ని ఒక దిక్కుకి తిప్పబోతే అది ఇంకో దిక్కుకి లాగుతుంది. క్యామెల్‌లో కుడికి తిప్పితే ముక్కు దిగుతుంది, ఎడమకి తిప్పితే ముక్కు లేస్తుంది. ఏ వైపు తిరిగినా ఎడమ రడ్డరే ఎక్కువగా కావాల్సి వచ్చేది. నేర్చుకునే దశలోనే చాలామంది కుర్రాళ్లు దీనికి బలయ్యారు.

మోడల్ సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి క్యామెల్‌లో ఒక తేలికైన పరీక్ష ఉంది. ఒకే వేగంలో కుడికోసారి, ఎడమకోసారి బాగా వంచి తిప్పండి. రెండు వైపులా ఒకేలా తిరిగితే లోపల ఉన్నది మామూలు ఇంజన్ లెక్కే, మీద క్యామెల్ బొమ్మ తొడిగారంతే. 2009లో వచ్చిన రైజ్ ఆఫ్ ఫ్లైట్, తర్వాత ఐఎల్2 సిరీస్‌లో ఫ్లయింగ్ సర్కస్ లాంటి సిమ్‌లు ఈ తేడాని పట్టించుకుని చేసినవే.

స్పీడు తగ్గించడానికి స్టిక్ మీద బటన్ నొక్కి ఇంజన్‌కి మంటని క్షణకాలం ఆపేవాళ్లు, అందుకే ఆ విమానాలు దిగేటప్పుడు బుర్రు... బుర్రు... అని ఆగి ఆగి మోగుతాయి. ఇక ఆ ఇంజన్లలో వాడిన నూనె ఆముదం. వాడింది వాడినట్టే బయటికి చిమ్ముతూ పైలట్ ముఖాన కొట్టేది, లోపలికి పీల్చినవాళ్ల కడుపు సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ ఒక్క రియలిజం సిమ్‌లో లేకపోవడం మన అదృష్టం.

అంకెలు ఎక్కడి నుంచి తెస్తారు

కొత్త బోయింగ్‌కైతే ఫ్యాక్టరీ డేటా, నడిపే పైలట్లు అందరూ ఉంటారు. 1903 ఫ్లయర్ ఆ రోజు నాలుగుసార్లు ఎగిరింది, 12, 12, 15, 59 సెకన్లు. మొత్తం 98 సెకన్లు. నాలుగో ఫ్లైట్ తర్వాత గాలి దాన్ని నేల మీదే పల్టీ కొట్టించి విరగ్గొట్టింది, మళ్లీ ఎప్పుడూ ఎగరలేదు. సిమ్‌లో గంటసేపు ప్రాక్టీస్ చేసినవాడు దాన్ని నడిపినంతసేపు ఆ ఇద్దరూ నడపలేదన్నమాట, మరి సరిపోల్చడానికి ఎవర్ని అడుగుతాం?

కాబట్టి దొరికే ఆధారాలు పరోక్షమైనవి. 1999లో నాసా ఏమ్స్ సెంటర్‌లో పెద్ద విండ్ టన్నెల్‌లో (గాలిని వేగంగా వదిలి పరీక్షించే సొరంగం) పూర్తి సైజు నకలుని పెట్టి కొలిచారు, ఆ నిలకడలేనితనం అంకెల్లో బయటపడింది. 2003 డిసెంబర్ 17న వందేళ్ల పండగనాడు అదే చోట ఇంకో నకలుని ఎగరేయబోయారు, దాని పైలట్లు ముందుగా సిమ్యులేటర్‌లో కూడా శిక్షణ తీసుకున్నారు. ఆ రోజు వర్షం, గాలి చాల్లేదు, విమానం పట్టా దిగి బురదలో కూర్చుంది. తర్వాతి తరం విమానాలకి పరిస్థితి నయం. ఇంగ్లండ్‌లో పాత విమానాలు కాపాడే షటిల్‌వర్త్ కలెక్షన్ వాళ్ల దగ్గర ఫ్రెంచ్ పైలట్ బ్లేరియో కట్టిన విమానం లాంటివి ఇంకా నేల వదులుతాయి, అది కూడా గాలి పూర్తిగా పడిపోయిన సాయంత్రాలే. ఆ పైలట్ల మాటలు మోడల్ చేసేవాళ్లకి బంగారం.

దొరికినా సిమ్‌లో పట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి. పాత రెక్కలు గుడ్డ కప్పిన చట్రాలు, ఎగిరేటప్పుడు వంగుతాయి, తీగలు సాగుతాయి, కొన్నాళ్లకి గుడ్డ వదులవుతుంది. చాలా సిమ్‌లు రెక్కని గట్టి చెక్కలా లెక్కేస్తాయి, మెలితిప్పడాన్ని మామూలు ఐలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) లాగే పెట్టేస్తాయి.

మన టేబుల్ మీద ఉన్న స్టిక్

మనలో ఎక్కువమందికి గేమ్‌ప్యాడే దిక్కు, లేదంటే ఒక మామూలు జాయ్‌స్టిక్. దాని స్ప్రింగ్ ఎప్పుడూ మధ్యకే లాగుతుంది. ఫ్లయర్ ఎలివేటర్ తనకు తానే దూరంగా తిరిగిపోయే రకం, అంటే చేతికి తెలిసే బలం సరిగ్గా రివర్స్. పైగా మన స్టిక్ కదిలేది కొన్ని సెంటీమీటర్లు, అసలు లీవర్‌కి దానికంటే చాలా చోటుంది, కాబట్టి వేలు కొంచెం కదిలినా ఎలివేటర్ చాలా కదులుతుంది. సెన్సిటివిటీ తగ్గించుకోవడాన్ని కొందరు చీటింగ్ అంటారు కానీ నాకు అది అసలు లీవర్ పొడవుని తిరిగి తెచ్చుకోవడంలాగే కనిపిస్తుంది.

ఇంకోటి, అసలు పైలట్‌కి ముక్కు లేవడం ముందు వొంటికి తెలుస్తుంది, తర్వాతే కంటికి. చెవుల పక్క గాలి హోరు మారుతుంది, కంటి కొసల్లో నేల కదలిక కనిపిస్తుంది. 24 అంగుళాల మానిటర్‌లో ఇవేవీ లేవు. వీఆర్ హెడ్‌సెట్ పెడితే చుట్టూ చూడొచ్చు, లోతు తెలుస్తుంది, వొంటికి తెలిసేది మాత్రం అప్పుడూ రాదు.

ఎవరి వాదన ఏంటి

ఏ సహాయమూ వద్దు, లెక్క ఎలా వస్తే అలా ఎగరనివ్వండి అనేవాళ్ల పాయింట్ బలమైనదే, విమానాన్ని ఒకసారి తేలిక చేశాక రైట్ సోదరులు నిజంగా ఏం సాధించారో ఎవరికీ అర్థం కాదు. ఎదుటివాళ్లు అనేదేంటంటే, వొంటికి తెలిసేవన్నీ తీసేసి, లాగ్ కలిపి, అదే నిలకడలేని విమానాన్ని ఇస్తే అది అసలు కంటే కష్టం అవుతుంది, కాబట్టి కొంచెం నిలకడ కలిపితేనే మొత్తం అనుభవం అసలుకి దగ్గరవుతుంది అని. రెండో వాదన మొదట విన్నప్పుడు సాకులా ఉంటుంది కానీ పైన చేసిన 1.3, 1.6 లెక్క చూస్తే కొట్టిపారేయలేం. కాకపోతే ఎంత కలిపారో మోడల్ చేసినవాళ్లు చెప్పాలి, వీలైతే ఆ సహాయాన్ని ఆపేసే స్విచ్ ఇవ్వాలి. మూడో రకం వాళ్లకి ఎగరడం కంటే తీగలు, కుట్లు, ఇంజన్ చప్పుడు సరిగ్గా ఉండటం ముఖ్యం, మ్యూజియంలో ముట్టుకోనివ్వని వస్తువు చుట్టూ తిరిగి చూడ్డం కూడా ఒక ఉపయోగమే కదా.

దారి కనుక్కోవడం మీద కూడా ఇలాంటి గొడవే. 1909లో బ్లేరియో దిక్సూచి కూడా లేకుండా ఇంగ్లిష్ ఛానల్ దాటాడు. 1932 అక్టోబర్‌లో జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి పస్ మాత్ అనే చిన్న విమానంలో టపా తెచ్చాడు, అక్కణ్నుంచి నెవిల్ విన్సెంట్ దాన్ని బళ్లారి మీదుగా మద్రాసుకి తీసుకెళ్లాడు, దారి చూపించే రేడియో సాయం ఏదీ లేదు. ఇలాంటి రూటు సిమ్‌లో మళ్లీ చేస్తూ పక్కన జీపీఎస్ మ్యాప్ తెరిచిపెట్టుకుంటే ఫ్లైట్ మోడల్ ఎంత గొప్పదైనా చేస్తున్న పని వేరే.

33 గంటల ఫ్లైట్‌ని తొందరపెడితే

స్పిరిట్ ఆఫ్ సెయింట్ లూయిస్‌లో ఈ చిక్కులన్నీ ఒకచోట చేరతాయి. 1927 మే 20న న్యూయార్క్ నుంచి లేచినప్పుడు దాని బరువులో దాదాపు సగం పెట్రోలే, 1,700 లీటర్లు. పెద్ద ట్యాంకు పైలట్ ముందే పెట్టడంతో ఎదురుగా అద్దం లేదు, పక్క కిటికీలు, ఒక చిన్న పెరిస్కోప్, అంతే. సిమ్‌లో చాలామంది బయటి కెమెరాకి మారిపోయి లేపేస్తారు, అప్పుడు లిండ్‌బర్గ్ పడ్డ ఇబ్బందిలో సగం ఆ బటన్‌తోనే పోతుంది.

మొత్తం ఫ్లైట్ 33 గంటల 30 నిమిషాలు, 5,800 కిలోమీటర్లు. అంతసేపు ఎవరు కూర్చుంటారు, అందుకే టైమ్‌ని నాలుగు రెట్లు చేస్తారు, 8 గంటల 22 నిమిషాల్లో పారిస్. అయితే ఈ విమానానికి రెక్క పొడవు పెంచారు గానీ తోక పాత మోడల్‌దే ఉంచేశారు, టైమ్ లేక, దానివల్ల ఇది కూడా కొంచెం నిలకడ తక్కువ రకం, వదిలేస్తే పక్కకి పోతుంది. అలా ఉండటం నిద్రపోకుండా ఉండటానికి పనికొచ్చిందని లిండ్‌బర్గే చెప్పాడు. నాలుగు రెట్ల స్పీడులో ఆ పక్కకి పోవడం కూడా నాలుగు రెట్లు త్వరగా జరుగుతుంది, మన చెయ్యి మాత్రం పాత వేగంతోనే కదులుతుంది. ఆ విమానంలో ఆటోపైలట్ లేదు కాబట్టి, 1x లో మనం తాపీగా సర్దుకోగలిగే విమానం 4x లో రైట్ ఫ్లయర్‌లా ప్రవర్తిస్తుంది, దాంతో అట్లాంటిక్ మధ్యలో చాలామంది మళ్లీ 1x కి దిగాల్సి వస్తుంది.